ఆఖరి మూరెడు

రాడ్డుకూ రీలుకూ వేలకు వేలు పోసేవాళ్లు వల దగ్గరికొచ్చేసరికి దుకాణంలో చేతికందింది పట్టుకొస్తారు. పది కిలోల బొచ్చె కట్ట రాళ్ల పక్కన తెల్లగా పొర్లినప్పుడు గానీ ఆ పొదుపు ఎంత పని చేసిందో తెలియదు. కోకాపేట చుట్టూ ఉన్న చెరువులకు, వాటిలో పెరిగే చేపలకు, వాటి వెంట పడే మనుషులకు ఎలాంటి వల కావాలో చెప్పే కథనం ఇది.

పెద్ద చేప తప్పించుకునేది నడి చెరువులో కాదు. అక్కడ దానికీ మనిషికీ మధ్య యాభై గజాల దారం ఉంటుంది. చేప ఎంత గట్టిగా గుంజినా దారం సాగుతుంది, రాడ్డు వంగుతుంది, రీలు కొంత దారాన్ని వదులుతుంది. దెబ్బను ఈ మూడూ పంచుకుంటాయి. ఒడ్డుకొచ్చాక దారం రెండు గజాలే మిగులుతుంది. ఇక సాగడానికి ఏమీ లేదు. మనిషి నీడ చూసిన చేప తోకను ఒక్కసారి ఝాడిస్తే దారం తెగుతుంది, లేదా పెదవిని పట్టుకున్న హుక్కు ఊడుతుంది. అరగంట పోరాటమంతా ఆ ఆఖరి మూరెడు నీళ్లలో తేలిపోతుంది.

ఆ మూరెడు కోసమే ల్యాండింగ్ నెట్. పొడుగు కర్ర చివర చట్రం, చట్రానికి వేలాడే వల. చూడ్డానికి ఇంతే. కానీ దాని నోరు ఎంత ఉండాలి, లోతు ఎంత, కన్ను ఎంత సన్నం, ముడి ఉన్నదా లేనిదా, కర్ర ఎన్ని అడుగులు అన్న ప్రశ్నలకు జవాబు కేటలాగులో దొరకదు. ఏ చెరువు, ఏ చేప, పట్టాక దాన్నేం చేస్తారు అన్న మూడు సంగతులు తేలితే జవాబు దానంతటదే వస్తుంది.

టవర్ల కింద చెరువులు

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ పెట్టిన వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికింది. ఆ లేఅవుట్ చుట్టుపక్కల లేచిన టవర్ల పై అంతస్తుల నుంచి పడమటికి చూస్తే గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, నీళ్లు మెరుస్తుంటాయి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో రూపుదిద్దుకున్న జంట జలాశయాల్లో ఉస్మాన్ సాగర్ మొదటిది. అది 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది. వీటి ఎగువన, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు పాతకాలపు ఊరి చెరువులు ఎన్నో.

అమెరికా షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున నేరుగా చెరువు బాట పట్టేవాళ్లు, శనివారం పొద్దున కారు డిక్కీలో రాడ్లు సర్దుకునేవాళ్లు ఈ ఐటీ కారిడార్‌లో తక్కువేం లేరు. కొందరికి ఈ సరదా ఊళ్లో వెదురు కర్ర, బెండు, ఎర్రలతో మొదలైంది. కొందరు విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల దగ్గర నేర్చుకుని తిరిగొచ్చారు. అక్కడ మస్కీ అనే వేటాడే చేప కోసం వాడే వలలు చిన్న పిల్లాడు కూర్చునేంత పెద్దవి. 1949లో విస్కాన్సిన్‌లోని హేవార్డ్ దగ్గర పట్టిన మస్కీ 67 పౌండ్ల 8 ఔన్సులు తూగింది. అంటే ముప్ఫై కిలోలు దాటింది. అలాంటి చేప కోసం పుట్టిన వల మన చెరువుకు సరిపోతుందా? కొంత సరిపోతుంది, కొంత సరిపోదు.

మన దగ్గర రాడ్డు వేట కొత్త సరదా కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. పద్నాలుగేళ్ల తర్వాత, 1887లో, ఒక్క చెరువు వేట మీదే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని మరో పుస్తకం వేశాడు. చెరువు వేటకు వేరే పుస్తకం కావాలని నూట నలభై ఏళ్ల కిందటే ఒకరికి అనిపించింది. చెరువుకు వేరే వల కావాలనడం కూడా అలాంటి మాటే.

ముందు చేపను చూడాలి

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదిలే పథకం నడుపుతోంది. అంతకుముందు నుంచీ కూడా చెరువుల్లో ఎక్కువగా పెరిగేవి బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ, గడ్డి చేప. వీటికి తోడు సొంతంగా సంతానం పెంచుకునే కొర్రమీను, వాలుగ, జెల్లలు. గాలానికి ఏది పడుతుందో ముందే తెలియదు కాబట్టి వీటిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే చేపను మనసులో పెట్టుకుని వల ఎంచుకోవాలి.

బొచ్చెది పెద్ద తల, వెడల్పు ఒళ్లు, పెద్ద పొలుసులు. పది కిలోల బొచ్చె పొడవు మూడడుగులకు కాస్త తక్కువ. కానీ దాని పొట్ట దగ్గరి లోతు చూస్తేనే అసలు సమస్య అర్థమవుతుంది. లోతులేని వలలో అది పళ్లెంలో పెట్టినట్టు పడుకుని, ఒక్క ఎగురుతో బయటికి దూకుతుంది. గడ్డి చేపది పొడుగ్గా సాగిన ఒళ్లు. ఒడ్డుకు తెచ్చేదాకా పెంపుడు చేపలా వస్తుంది, వల తగిలిన క్షణంలో వెర్రెత్తుతుంది. చట్రం బలహీనమైతే వంకర పోయేది సరిగ్గా అప్పుడే.

బంగారు తీగకు వీపు రెక్క మొదట్లో, తోక కిందున్న రెక్క మొదట్లో రంపపు పళ్ల లాంటి గట్టి ముల్లు ఉంటుంది. జెల్లలకు పక్క రెక్కల్లోనూ వీపు మీదా ముళ్లే. పెద్ద కన్నున్న నైలాన్ వలలో ఈ ముళ్లు చిక్కుకుంటే విడదీయడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ మధ్య చాలాచోట్ల గాలానికీ వలకూ తగులుతున్న సక్కర్ చేప, మత్స్యకారులు దెయ్యం చేప అని తిట్టుకునేది, ఒళ్లంతా గరుకు పెంకుతో వల దారాల్ని కోసేస్తుంది. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం సరదా వెంట వచ్చిన ఈ చేపను పట్టాక మళ్లీ నీళ్లలో వదలకపోవడమే చెరువుకు మంచిది.

వాలుగ మీటరు దాటి పెరుగుతుంది. నోరు పెద్దది, పళ్లు వాడి. దాన్ని గుండ్రటి చిన్న వలలోకి తల వైపు నుంచి ఎక్కించాక సగం ఒళ్లు ఇంకా బయటే ఉంటుంది. కొర్రమీను సైజులో వీటికంటే చిన్నదే అయినా పట్టు దొరకని జారుడు చేప. అది తెలంగాణ రాష్ట్ర చేప, మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో పంచే చేప ప్రసాదంలో మందు మోసే చేప కూడా. రబ్బరు కప్ప ఎరతో వేటాడేవాళ్లు దాన్ని జమ్ము మధ్య నుంచి, గుర్రపు డెక్క మీదుగా లాగుతారు. హుక్కులు రెండు మూడు మొనలతో ఉంటాయి కాబట్టి చేప వలలో పడ్డాక మొనలు వలకు గుచ్చుకోవడం ఖాయం. ఎర్రగా గుంపు కట్టిన పిల్లల్ని కాచుకుంటూ తిరిగే కొర్రమీను జంట కనిపిస్తే మాత్రం అక్కడ ఎర వేయకూడదు. తల్లీతండ్రీ పోతే ఆ పిల్లలు నిమిషాల్లో వేరే చేపలకు మేత అవుతాయి.

నోరు, లోతు

యూరప్‌లో కార్ప్ వేటగాళ్లు ఎక్కువగా వాడేది రెండు చేతులు చాచినట్టుండే త్రికోణపు చట్రం. చేతుల పొడవు 42 అంగుళాలు, అంటే 107 సెంటీమీటర్లు. ముందువైపు చట్రం ఉండదు, బిగించిన తాడు మాత్రమే. నీళ్లలో ముంచినప్పుడు ఆ తాడు కాస్త కిందికి జారుతుంది కాబట్టి చేప దాని మీదుగా లోపలికి వచ్చేయడం తేలిక. బొచ్చె, రవ్వ, గడ్డి చేపలకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. ఇబ్బంది జమ్ములో, తుమ్మ కొమ్మల్లో వస్తుంది. తాడు ఆకుకో కొమ్మకో తట్టుకుంటే వల మూసుకుపోతుంది. అక్కడ చుట్టూ గట్టి చట్రమున్న గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారపు వల మేలు. మొక్కల్ని పక్కకు నెట్టుకుంటూ పోగలదు.

నోరు ఎంత ఉండాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. మీరు పట్టాలనుకునే పెద్ద చేప పొడవులో మూడింట రెండొంతులకు తగ్గకూడదు. మూడడుగుల చేపకు రెండడుగుల నోరు కనీసం. ఆపైన ఉన్నది లాభమే. లోతు మాత్రం చేప మొత్తం అడుగున పడ్డాక వలను ఒకసారి మెలిపెట్టి నోరు మూయగలిగినంత ఉండాలి. అయితే లోతు మరీ ఎక్కువైతే చేప లోపల చుట్టుకుపోతుంది, రెక్కలు మడతపడతాయి, హుక్కు కోసం వెతుకులాట మొదలవుతుంది. అందుకే అడుగు సంచిలా మొన తేలకుండా చదునుగా ఉన్న వలలు మంచివి. చేప వాటిలో నిటారుగా, సహజంగా పడుకుంటుంది. దాన్ని నీళ్లలోనే ఉంచి హుక్కు తీయవచ్చు.

కన్ను సన్నమైతే మేలు

కృష్ణా తీరంలో, సోమశిల, శ్రీశైలం వెనుక జలాల్లో అలివి వలల మీద ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. దోమతెరంత సన్నటి కన్నున్న ఆ పొడవాటి వలలు గోరంత పిల్లల్ని కూడా ఊడ్చేస్తాయి. అందుకే వాటి మీద నిషేధం, స్థానిక మత్స్యకారుల ఆందోళనలు. వేట వలలో సన్నటి కన్ను పాపమైతే, ల్యాండింగ్ నెట్‌లో అదే కన్ను చేపకు రక్ష. కారణం సులువు. ఈ వల చేపను వెతకదు, అప్పటికే దొరికిన ఒక్కదాన్ని మోస్తుంది. కన్ను పెద్దదైతే రెక్కల కొసలు దానిలోంచి బయటికొచ్చి చీలిపోతాయి, పొలుసులు ఊడతాయి, మొప్పల మూత దారానికి తగులుకుంటుంది.

ముడులున్న నైలాన్ వల ఇంకా చెడ్డది. చేప ఒంటి మీద జారే జిగురు వట్టి జిగురు కాదు, నీళ్లలోని సూక్ష్మజీవుల నుంచి దాన్ని కాపాడే పొర. గరుకు ముడులు ఆ పొరను గీరేస్తాయి. గీసుకున్నచోట తర్వాత బూజు పడుతుంది, పుండు అవుతుంది. చేప ఈదుకుంటూ పోయింది కదా అని మనం తృప్తిపడిన మూడు నాలుగు రోజులకు అది చచ్చి తేలవచ్చు. ఉత్తర అమెరికా పరిశోధకులు బ్లూగిల్ అనే మంచినీటి చేప మీద ఈ తేడాను కొలిచి 2003లో ప్రచురించారు. ముడులున్న వలలో ఎత్తిన చేపలకు రెక్కల గాయాలు, మరణాలు ఎక్కువ. ముడుల్లేని వలకూ రబ్బరు వలకూ తక్కువ. మన నేల మీద ఈ సంగతికి ఇంకో బరువుంది. 1988లో దేశంలోకి ప్రవేశించిన పుండ్ల వ్యాధి మంచినీటి చేపల్లో కొర్రమీనును ఘోరంగా దెబ్బతీసింది. గీసుకున్న చర్మం అలాంటి రోగాలకు తెరిచిన తలుపు.

కాబట్టి ముడుల్లేని మెత్తటి అల్లిక, లేదా రబ్బరు పూత పూసిన వల. ఈ రెండిట్లో ఏదన్నది వేటను బట్టి. పిండి ముద్దలతో, ఒంటి మొన హుక్కుతో బొచ్చె, రవ్వల కోసం కూర్చునేవారికి ముడుల్లేని సన్నటి అల్లిక చాలు. తేలిగ్గా ఉంటుంది, నీళ్లలో మెత్తగా తేలుతుంది. కప్ప ఎరలు, మూడు మొనల హుక్కులున్న ప్లగ్గు ఎరలు వాడేవారికి అదే అల్లిక నరకం. ఆ మొనలు దారాల్లోకి దూరి చేపనూ వలనూ కలిపి కుట్టేస్తాయి. వాళ్లకు రబ్బరు పూత తప్పనిసరి. మొన రబ్బరులోకి దిగదు, దిగినా వెంటనే ఊడివస్తుంది. పూర్తిగా రబ్బరుతో పోతపోసిన వలలూ ఉన్నాయి. చేపకు అవి అన్నిటికంటే మెత్తన, కానీ పెద్ద సైజులో బరువు. నీళ్లలో పక్కకు తిప్పబోతే గోడను తోసినట్టుంటుంది.

ముప్ఫయ్యో అంతస్తులో ఉండేవాళ్లకు రబ్బరు పూతతో ఇంకో లాభం. నైలాన్ దారం జిగురును, నీటిని పీల్చుకుంటుంది. ఆ వాసన లిఫ్టులో మీకంటే ముందు ఇంటికి చేరుతుంది. రబ్బరు పూత పీల్చుకోదు. బాల్కనీలో రెండు బకెట్ల నీళ్లు పోసి ఆరేస్తే సాయంత్రానికి అడిగేవారుండరు. ఏ వలైనా సరే, కడిగి పూర్తిగా ఆరబెట్టాకే మరో చెరువుకు తీసుకెళ్లాలి. చేప పేలు, రోగాలు, గుర్రపు డెక్క ముక్కలు తడి వలల మీదే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు ప్రయాణం చేస్తాయి.

కర్ర పొడవు చెప్పేది కట్ట

బయటి దేశాల నుంచి తెచ్చుకున్న వల మన దగ్గర బోల్తా పడేది కర్ర విషయంలో. అక్కడి కాలువ గట్లు, సరస్సు ఒడ్లు చాలావరకు చదును. ఆరడుగుల కర్ర సరిపోతుంది. దక్కన్ చెరువు కట్ట కథ వేరు. అలల తాకిడికి మట్టి కోసుకుపోకుండా కట్ట లోపలి వాలు పొడవునా రాళ్లు పేరుస్తారు. నీరు నిండుగా ఉన్నప్పుడు మీ కాళ్లకూ నీటికీ మధ్య నాలుగడుగుల రాతి వాలు. మాఘం దాటి నీళ్లు తగ్గితే అదే వాలు పదడుగులు. ఆ రాళ్లు నాచుపట్టి ఉంటాయి. ఆరడుగుల కర్రతో వల నీటిని తాకాలంటే మనిషి ఆ నాచు రాళ్ల మీదికి దిగాలి. చేప మీద ధ్యాసతో, ఒక చేత్తో వంగిన రాడ్డు పట్టుకుని దిగే మనిషి జారిపడే అవకాశం ఎంతో చెప్పక్కర్లేదు.

కట్ట మీద నుంచి వేసేవారికి పది నుంచి పన్నెండు అడుగులకు సాగే టెలిస్కోపిక్ కర్ర కావాలి. అల్యూమినియం చవక, కానీ పొడవు పెరిగేకొద్దీ ఊగుతుంది. ఫైబర్ గ్లాస్ బరువైనా నమ్మకస్తురాలు. కార్బన్ తేలిక, గట్టి. అయితే కార్బన్ విద్యుత్తును ప్రసారం చేస్తుందని మరువకూడదు. చెరువుల మీదుగా, కట్టల పక్కగా కరెంటు తీగలు పోయే చోట పన్నెండడుగుల కార్బన్ కర్రను నిలువుగా ఎత్తుకుని నడవడం ప్రాణాంతకం. రాడ్డుకూ ఇదే హెచ్చరిక.

పొడుగు కర్ర కొన్నాక చేసే పెద్ద పొరపాటు దాంతో చేపను ఎత్తడం. చిన్న లెక్క చూడండి. వెనక చెయ్యి కర్ర కొసన, ముందు చెయ్యి దానికి అరమీటరు ముందు. చేప వెనక చేతికి రెండు మీటర్ల దూరంలో. పది కిలోల చేపను ఈ భంగిమలో నీటి పైకి లేపాలంటే ముందు చేతి మీద పడే భారం నలభై కిలోలు. నాలుగు మీటర్ల కర్రయితే ఎనభై. మనిషి కంటే ముందు కర్ర, చట్రం కలిసే మర తెగుతుంది. మార్కెట్‌లో వలలు కొనేటప్పుడు రంగు కంటే ముందు చూడాల్సింది ఆ మరనే. ప్లాస్టిక్ దిమ్మెలో ఉన్నదా, లోహంలో ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. పొడుగు కర్ర చేపను ఎత్తడానికి పనికిరాదు, లోపలికి రప్పించి దగ్గరికి లాక్కోవడానికి మాత్రమే. చేప లోపలికొచ్చాక కర్రను చేతిమీదుగా వెనక్కి జార్చుకుంటూ వలను కాళ్ల దగ్గరికి తెచ్చి, చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలువుగా లేపాలి. అప్పుడు పది కిలోలు పది కిలోలే.

వేసవిలో చెరువు సగానికి ఎండిపోతే ఇంకో తంటా. కట్టకూ నీటికీ మధ్య మోకాళ్ల లోతు ఒండ్రు. ఆ కాలంలో రాతి కట్ట వదిలి, తూముకు దూరంగా, గట్టి నేలున్న వైపు కూర్చోవడం మేలు. అక్కడ ఆరడుగుల కర్రే హాయి.

వల పట్టే చెయ్యి

మంచి వల ఉండీ చేప పోయేది చాలాసార్లు వల పట్టినవాడి తొందర వల్ల. కట్ట మీద అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు చెప్పే మాట ఒకటుంది: “తమ్మీ, వల నీళ్లల్ల పెట్టి కదలకుండ ఉండు. నువ్వు చేప దగ్గరికి పోకు, చేపనే నీ దగ్గరికి రానీ.” వల ముందే మునిగి ఉండాలి. చేప అలసి పక్కకు ఒరిగాక రాడ్డు పట్టుకున్నవారు దాన్ని వల మీదుగా, తల ముందుగా నడిపించాలి. చేప ముందుకు ఈదినంత తేలిగ్గా వెనక్కి ఈదలేదు. తల లోపలుంటే భయపడినా ఇంకా లోపలికే పోతుంది. తోక వైపు నుంచి వల వేస్తే భయపడి ముందుకు, అంటే బయటికి, దూసుకెళుతుంది. నీళ్లలో వలను అటూ ఇటూ ఊపుతూ చేపను తరమడమంత చెడ్డ పని లేదు.

ఒంటరిగా వెళ్లేవారికి వల ఇంకా పొట్టిగా, తేలిగ్గా ఉండాలి. తోడుంటే పెద్దది వాడొచ్చు. ఇంగ్లండ్‌లోని రెడ్‌మైర్ కొలనులో 1952 సెప్టెంబర్ 13న రిచర్డ్ వాకర్ 44 పౌండ్ల కార్ప్‌ను, అంటే దాదాపు ఇరవై కిలోల బంగారు తీగను, పట్టినప్పుడు పక్కన మిత్రుడు పీట్ థామస్ ఉన్నాడు. ఆ చేపను చంపలేదు. లండన్ జూ అక్వేరియానికి ఇచ్చారు. క్లారిస్సా అని పేరు పెట్టుకున్న ఆ చేప 1971 దాకా బతికింది. దెబ్బ తగలకుండా ఒడ్డుకు చేరిన పెద్ద చేపకు ఎంత ఆయుష్షు మిగులుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నిమిషం లెక్క

వదిలేద్దామనుకునేవారికి వల తర్వాతి నిమిషం వలంత ముఖ్యం. కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ప్రచురించిన ఫలితాలు నేటికీ అందరూ చెప్పుకుంటారు. రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని పూర్తిగా అలసిపోయేదాకా తరిమారు. వెంటనే నీళ్లలోనే ఉంచినవాటిలో 12 శాతం చనిపోయాయి. అలసిన తర్వాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం పోయాయి. ట్రౌట్ చల్లనీటి సుకుమారి. మన బొచ్చె, బంగారు తీగ దానికంటే మొండివి. కొర్రమీనైతే గాలి పీల్చుకునే చేప. అయినా దిశ ఒక్కటే: అలసిన చేపకు ఒడ్డు మీద గడిచే ప్రతి సెకనూ అప్పే.

పైగా మన నీళ్లు వెచ్చన. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీల నీరు ఏడున్నరే. మురుగు చేరి పచ్చబడిన నగర చెరువుల్లో రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. షిఫ్టు దిగి నేరుగా వచ్చే మన వేటగాళ్లు కూర్చునేది సరిగ్గా ఆ వేళకే. అందుకే వేసవిలో చేపను అరగంట ఆడించడం గొప్ప కాదు. దారం కాస్త లావుది వాడి, త్వరగా తెచ్చి, వలలోనే నీటిలో నిలిపి, హుక్కు అక్కడే తీయడం తెలివి. ఫొటో కావాలంటే కెమెరా ముందే సిద్ధం చేసుకోవాలి. చేపను కట్ట రాళ్ల మీద పెట్టకూడదు. మే నెలలో అవి చెయ్యి ఆననంత కాలుతుంటాయి. తడిపిన మెత్తటి ఫోమ్ షీటు ఒకటి వల వెంటే మడిచి తెచ్చుకోవాలి. తూచాలంటే మొప్పల్లో కొక్కెం గుచ్చకుండా వలతో కలిపి తూచి, తర్వాత తడి వల బరువు తీసేస్తే సరి.

చెరువు ఎవరిది?

కూరకైనా సరదాకైనా ముందు అడగాల్సింది ఇది. ఊరి చెరువుల్లో చేపల హక్కు ఎక్కువచోట్ల మత్స్య సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల ఏడాది ఆదాయం ఆ నీళ్లలో తిరుగుతుంటుంది. వారాంతపు వేటగాడికి ఎనిమిది కిలోల రవ్వ ఒక ఫొటో. సంఘం సభ్యుడికి అది లెక్కలో ఉన్న సొత్తు. సంఘం పెద్దను కలిసి, అడిగి, వాళ్లు చెప్పిన రుసుము కట్టి, వదిలేస్తామా తీసుకెళ్తామా అన్నది ముందే మాట్లాడుకుంటే చాలా గొడవలు పుట్టవు. మంచి వల చూపిస్తే మాట ఇంకా తేలికవుతుంది. చేపను పాడుచేసేవాడు కాదని వలే చెబుతుంది. జంట జలాశయాలు జలమండలి నిర్వహణలోని తాగునీటి వనరులు. అక్కడ అనుమతి లేనిదే దిగకూడదు. వానల్లో గేట్లు ఎత్తినప్పుడు దిగువన మూసీలో వలలు పట్టుకుని జనం ఎగబడుతుంటారు. ఆ పరుగు నీటిలో ఏ వలా మనిషిని కాపాడదు.

కొనే ముందు

నోరు: బొచ్చె, రవ్వ, గడ్డి చేపలకు 42 అంగుళాల త్రికోణం. జమ్ము, గుర్రపు డెక్కలో కొర్రమీనుకు గట్టి చట్రమున్న గుండ్రటిది.

వల: ముడులున్న నైలాన్ వద్దు. ఒంటి మొన హుక్కుకు ముడుల్లేని అల్లిక, మూడు మొనలకు రబ్బరు పూత. అడుగు చదునుగా ఉండాలి.

కర్ర: రాతి కట్టకు పది అడుగులకు పైన, చదును ఒడ్డుకు ఆరడుగులు. మర లోహంలో ఉన్నదో లేదో చూడాలి.

పరీక్ష: దుకాణంలోనే వలలో అయిదు కిలోల బరువు వేసి చట్రం పట్టుకుని లేపి చూడండి. వంకర పోతే అక్కడే వదిలేయండి.

ఖర్చు: ఊళ్లో వెల్డింగ్ షాపులో ఇనుప రింగు చేయించి, చేప పిల్లల కేంద్రాల్లో వాడే ముడుల్లేని వల గుడ్డ కుట్టించుకున్నా బ్రాండు వలకు తీసిపోదు. అంచులు నునుపుగా రుద్దించడం మరవొద్దు.

ఇంత చెప్పాక మిగిలేది ఒక అలవాటు మార్చుకోవడం. మనవాళ్లు చెరువుకు చేరగానే చేపలు ఎక్కడ ఎగురుతున్నాయో చూసి అక్కడ కూర్చుంటారు. వల గుర్తొచ్చేది చేప పడ్డాక. తుమ్మ కంపల మధ్య, నిలువు రాతి గోడ మీద, ఒండ్రు అంచున కూర్చున్నవారికి అప్పుడు ఏ వలా పనికిరాదు. క్రమం తిరగేయండి. కట్ట మీదికి రాగానే రాడ్డు విప్పకముందే వల విప్పి, అది నీళ్లలోకి దిగుతుందా, నిండిన వలతో మీరు నిలదొక్కుకుని వెనక్కి రాగలరా అని ఒకసారి చూసుకోండి. అలాంటి చోటు దొరక్కపోతే, కళ్ల ముందు ఎంత పెద్ద బొచ్చె తిరుగుతున్నా అక్కడ ఎర వేయకండి.